మన లాకంటే ఏ లాకు

మా అక్క మనవరాలు కంప్యూటర్ల పని చేస్తుంది. ఈ మధ్య మా ఇంటికొచ్చి, కంచంలో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని దాన్ని తిడుతోంది. ఏమిటే నీ బాధ అని అడిగాను. ఒక పెద్ద యంత్రానికి బోలెడన్ని డిస్కులు తగిలించి ఉన్నాయట. ప్రతి డిస్కూ తన కష్టసుఖాలు ఎప్పటికప్పుడు చెప్పుకుంటుందట. అవన్నీ కలగాపులగంగా ఒకే చోట వచ్చి పడతాయట. ‘ఇక్కడ చదవలేకపోయాను’, ‘ఇక్కడ రాయలేకపోయాను’ అంటాయేగానీ, ఆ అంటున్నది ఏ డిస్కో చెప్పవట. మొదట తగిలించినప్పుడు ఒక్కసారి పేరు చెప్తాయి, ఆ తర్వాత పేరు ఊసే ఉండదు. “వీటిల్లో ఏది చావబోతోందో తెలీకుండా దేన్ని పీకమంటావు అమ్మమ్మా?” అంది. ప్రతి మాటకీ ముందు ఆ డిస్కు పేరు పడేలా మార్చాలని కూర్చుంది పిల్ల.

ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. ఈ రోగం నాకు తెలుసు. నా ఉద్యోగం కొత్తలో, గుడివాడలో, దాన్ని కళ్ళారా చూశాను. అక్కడ డిస్కుల బదులు లాకులు ఉండేవి. ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి, ముసల్దాని సోది అనుకున్నా సరే.

నాది బందరు. దివిసీమని ఉప్పెన ముంచెత్తిన మరుసటి ఏడు, గుడివాడలో కాలవల కచేరీలో టెలిఫోను దగ్గర గుమస్తాగా వేశారు నన్ను. మా కచేరీ కింద ఒక కాలవ, దాని మీద మూడు లాకులు. అసలు పేర్లు చెప్పను, ఆ ఊళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు. పై లాకు, నడిమి లాకు, చివరి లాకు అనుకోండి. లాకంటే కాలవకి అడ్డంగా కట్టిన తలుపులు. పడవలు దాటించడానికి, నీళ్ళు వదలడానికి, ఆపడానికి. ఒక్కో లాకుకి ఒక లస్కరు, అంటే ఆ తలుపులు ఎత్తి దించే మనిషి. అక్కడే గట్టు మీద సర్కారు వారి క్వార్టరులో పెళ్ళాం పిల్లలతో కాపురం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళ మట్టం చూసి మాకు ఫోను చేసి చెప్పాలి. వానాకాలంలో గట్టు ఏమాత్రం చెమర్చినా చెప్పాలి.

ఆ ఫోను సంగతి కొంచెం చెప్పాలి. కచేరీ నుంచి చివరి లాకు దాకా గట్టు వెంబడి ఒకటే తీగ. అందరికీ అదే. హ్యాండిలు తిప్పితే అన్నిచోట్లా గంట మోగేది. పొడుగ్గా మోగితే ఒకరికి, రెండు పొట్టిగా మోగితే ఇంకొకరికి అని గుర్తులుండేవి. అంటే ఎవరిని పిలుస్తున్నారో గంటని బట్టి తెలిసేది. ఎవరు పిలుస్తున్నారో తెలిసేది కాదు. అది గొంతుని బట్టి తెలుసుకోవాల్సిందే.

గొంతులకి మా దగ్గర ఒక మహానుభావుడు ఉండేవాడు. ఆ టెలిఫోను దగ్గరే జుట్టు నెరిసిన పెద్ద గుమస్తాగారు. అందరూ పెద్దాయన అనేవారు, నేను మావయ్యగారూ అనేదాన్ని. ఫోనెత్తి చెవిలో పెట్టుకుంటే చాలు, అవతల మనిషి దగ్గినా చాలు, “ఏరా, పై లాకూ, జలుబు చేసిందా?” అనేవాడు. లస్కర్లకి అదొక మురిపెం. మా గొంతు కచేరీలో తెలుసు అని చెప్పుకుని తిరిగేవాళ్ళు. అందుకని ఒక్కడూ తన లాకు పేరు చెప్పేవాడు కాదు. ‘మన లాకు దగ్గర నాలుగడుగులండి’, ‘ఇక్కడ పెరుగుతున్నాయండి’, అంతే. ఎవడికి వాడికి లోకంలో ఉన్నది ఒక్కటే లాకు.

పెద్దాయన కూతురి పురుటికని సెలవు పెట్టినప్పుడు మొదటిసారి ఒక్కదాన్నీ ఫోను దగ్గర కూర్చున్నాను. మన లాకు, మన లాకు, మన లాకు. ఎవరు ఎవరో నా తలకాయకి అంతుబట్టలేదు. మర్యాదగానే అడిగాను, “ఎవరండీ మాట్లాడేది? ఏ లాకండీ?” అని. అబ్బో, ఎంత పని చేశానో! పై లాకు లస్కరు, తెలుగు పద్యాలు రాగం తీసి పాడే మనిషి, అంత నొచ్చుకుంటాడని నేననుకోలేదు. “మా ఇంటికే వచ్చి, మా గుమ్మంలో నిలబడి, మీరెవరండీ అని అడిగినట్టుందమ్మా,” అన్నాడు. అన్నవాడు అన్నట్టే రెండు పూటలు ఫోను చెయ్యలేదు. చివరికి మా కచేరీ ఓవర్సీరుగారు జీపులో వెళ్ళి బతిమాలాల్సి వచ్చింది.

పెద్దాయన తిరిగొచ్చాక ఉండబట్టలేక చెప్పాను. ఫోనెత్తగానే లాకు పేరు ఒక్కసారి చెప్పమంటే ఏం పోతుంది మావయ్యగారూ, అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వి, తమలపాకుకి సున్నం రాసుకుంటూ, తెలిసినవాణ్ణి పేరడగడమంటే పరాయివాణ్ణి చెయ్యడమే అన్నాడు. ఆరునెలలు ఆగితే నీకూ గొంతులు పట్టుబడతాయి, అప్పుడు నువ్వే నవ్వుకుంటావు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన చెప్పిందీ నిజమే. ఆరునెలలు పట్టలేదు, గొంతులు నాకూ పట్టుబడ్డాయి. ముఖ్యంగా నడిమి లాకు గొంతు.

నడిమి లాకు లస్కరు ముస్లిం. వాళ్ళ తాతలు బందరులో కలంకారీ అద్దకం పని చేసేవాళ్ళట, ఈయన మాత్రం కాలవ పనిలోకి వచ్చాడు. ఆ గొంతు గురించి ఏం చెప్పను? వంపు తిరగకముందే పడవలవాళ్ళకి వినపడేది. ఈయనకి ఫోనెందుకండీ, గుమ్మంలో నిలబడి అరిస్తే గుడివాడకి వినపడుతుంది కదా అని ఓవర్సీరుగారు వేళాకోళం చేసేవారు. ఫోనెత్తగానే “అమ్మాయిగారూ, సలాం” అంటే చెవి దగ్గర ఇత్తడి బిందె మోగినట్టుండేది. ఉప్పెనలో దివిసీమలో ఆయన అక్కా, అక్క పిల్లలూ పోయారు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. వాన మొదలైతే మాత్రం మూడుసార్లు చెయ్యాల్సిన ఫోను ఆరుసార్లు చేసేవాడు.

చివరి లాకు లస్కరు క్రైస్తవుడు, చిన్నవాడు, పెళ్ళై రెండేళ్ళైనా కానివాడు. ఇతనూ నడిమి లాకాయనా ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవారు. చుట్టరికం ఏముంటుంది, ఒకే తీగ మీద బతుకుతున్నవాళ్ళు. ఒకడికి పనిబడితే రెండోవాడు వెళ్ళి వాడి లాకు చూసేవాడు, తన లాకుని పెళ్ళానికి అప్పజెప్పి. ఇలా ఒకరి బదులు ఒకరు కూర్చోవడం ఆ కాలవ మీద ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కచేరీకి చెప్పేవాళ్ళు కారు. తెలిసినా మేం తెలియనట్టు ఊరుకునేవాళ్ళం. పండగలూ పబ్బాలూ అందరికీ ఉంటాయి కదా.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ వాన. అంతకుముందు కూడా బాగా కురిసి కాలవ నిండుగా ఉంది. వానాకాలం కాబట్టి ఆదివారమైనా ఫోను దగ్గర పెద్దాయనా నేనూ, ఇసుక బస్తాల లారీ, ముదినేపల్లి నుంచి వచ్చిన కూలీలు, ఓవర్సీరుగారు సిద్ధంగా ఉన్నాం. లారీ ఒక్కటే, గుర్తుపెట్టుకోండి. దారి సంగతి కూడా. గుడివాడ నుంచి పై లాకు దాకా ఒకటే రోడ్డు. కాలవ మీద వంతెన అక్కడొక్కటే ఉంది. వంతెన దాటకుండా ఎడమ గట్టున పోతే నడిమి లాకు. దాటి కుడి గట్టున పోతే చివరి లాకు. తప్పు గట్టు పట్టారంటే మళ్ళీ వంతెన దాకా వెనక్కి రావాలి.

గంట మోగింది. నేనెత్తాను. తీగలో గరగర. దానిలోంచి ఆ ఇత్తడి గొంతు: “అమ్మాయిగారూ, ఇక్కడ గట్టు జారుతోంది. కింద పేట ఉంది. బస్తాలు పంపండి, మనుషుల్ని పంపండి.”

నాకు గొంతు తెలుసు. అయినా ఎందుకో పాత బుద్ధి పోలేదు. “ఏ లాకండీ?” అన్నాను.

“నేనమ్మా,” అన్నాడు, నొచ్చుకున్నట్టు. “నా గొంతు తెలీదా?”

అంతే, తీగ తెగిపోయింది. ఎంత తిప్పినా ఎవరి గంటా మోగలేదు.

పెద్దాయన నా చేతిలోంచి ఫోను తీసుకోనుకూడా లేదు. పక్కన కూర్చున్నవాడికి ఆ గొంతు వినపడింది. నడిమి లాకు, ఇంకెవరు, అన్నాడు. నేనూ అదే అన్నాను. ఓవర్సీరుగారు లారీ ఎక్కించి పంపేశారు, ఎడమ గట్టున వెళ్ళమని. తర్వాత తెలిసింది, పై లాకు దగ్గర లారీ ఆగి అడిగిందట కూడా. ఆ పద్యాల లస్కరు, తీగ మీద తనూ విన్నాడు కాబట్టి, మా నడిమి లాకాయనే, నేను చెవులారా విన్నాను, పదండి పదండి అని దగ్గరుండి తోలాడట. ఎవరికీ రవ్వంత అనుమానం లేదు. ఉండి ఉంటే బావుండేది.

లారీ వెళ్ళిన కాసేపటికి కచేరీ వసారాలో ఎవరో గొడుగు ముడుస్తున్న చప్పుడైంది. తలెత్తి చూస్తే చివరి లాకు లస్కరు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో బూందీ పొట్లం. రెండు వీధుల అవతల గుళ్ళో ఆరాధన ముగిసిందట. వాళ్ళ బిడ్డకి ఆవేళ బాప్తిస్మం. మాకు తీపి పెట్టి వెళ్దామని వచ్చాడు, నవ్వుకుంటూ.

పెద్దాయన అతన్ని చూస్తూ నిలబడిపోయాడు. పొట్లం అందుకోవడానికి చాపిన చెయ్యి అలాగే ఉంది.

“నువ్విక్కడున్నావేంట్రా?” అన్నాడు. “నీ లాకు దగ్గర ఎవరున్నారు?”

“బావ ఉన్నాడండి,” అన్నాడు అతను. “బావ ఉంటే నాకు భయమేముందండి.”

ఇన్నేళ్ళైనా ఆ వసారా, ఆ తడి గొడుగు కళ్ళకి కడుతూనే ఉంటాయి. గొంతు సరిగ్గానే పోల్చాం మేమందరం. మనిషి సరైనవాడే. చోటే తప్పు.

నడిమి లాకు కిందా పేట ఉంది, కానీ ఆయన చెప్పింది చివరి లాకు కింది పేట. అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళూ, కూలికి వెళ్ళేవాళ్ళూ, తాటాకు ఇళ్ళు. ఓవర్సీరుగారు జీపు తీసి లారీ వెనకాల పరుగెత్తారు. ఆ చిన్నవాడు పొట్లం బల్ల మీద పెట్టి, తెల్ల చొక్కాతోనే జీపు వెనక ఎక్కేశాడు. మేమిద్దరం చచ్చిన ఫోను దగ్గర మిగిలాం. పెద్దాయన ఆకు వేసుకోలేదు, మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, “నువ్వడిగావమ్మాయ్. నువ్వడిగావు,” అన్నాడు. నేను మళ్ళీ హ్యాండిలు తిప్పాను.

జరిగిందేమిటో సాయంత్రానికి తెలిసింది. లారీ నడిమి లాకు చేరేసరికి అక్కడ లస్కరు భార్య తలుపుల దగ్గర ఉందట. మా ఆయన ఇక్కడ లేరండీ, చివరి లాకులో ఉన్నారు అందట. ఆ తల్లి పొద్దున గంట మోగినప్పుడు ఫోనెత్తింది కూడా. లైను మీద మొగుడి గొంతు వినపడింది. ఆయన కచేరీతో మాట్లాడుతున్నారు కదా, మధ్యలో నేనెందుకని పెట్టేసిందట. ఆ తీగ మీద ఆయన ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడని ఎవరేమంటారు? పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో రాకూడదని మనమే నేర్పాం.

లారీ తిరిగి వంతెన దాకా వచ్చి, కుడి గట్టు బురదలో దిగబడుతూ లేస్తూ వెళ్ళేసరికి గట్టు లేదు. పేట లేదు. తాటాకు కప్పులు నీళ్ళ మీద తేలుతున్నాయి. మనుషులు మాత్రం ఉన్నారు. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో సహా అందరూ లాకు కట్టడం మీద, క్వార్టరు అరుగు మీద, కిక్కిరిసి నిలబడి ఉన్నారు. రెండు గేదెలు పోయాయి. నారుమళ్ళు పోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు.

తీగ తెగిపోగానే నడిమి లాకాయన లారీ కోసం కూర్చోలేదు. ఇంటింటికీ వెళ్ళి రమ్మన్నాడు. జనం కదల్లేదు. కచేరీకి చెప్పావు కదా, బస్తాలు వస్తాయి కదా, సామాను వదిలేసి ఎక్కడికొస్తాం అన్నారట. అప్పుడు గట్టు మీద నిలబడి అరవడం మొదలుపెట్టాడు. వానలో, గాలికి ఎదురుగా, ఒకటే అరుపు. మా అక్క కూడా ఇలాగే సామాను సర్దుకుంటూ కూర్చుంది, రండి, రండి అని. ఆ పేటలో ఒక ముసలమ్మ తర్వాత నాతో చెప్పింది, ఆ కేక వింటూ ఇంక ఇంట్లో కూర్చోలేకపోయామమ్మా, అందుకే లేచి వచ్చాం అని. ఆఖరి కుటుంబం పైకెక్కేదాకా ఆ కేక ఆగలేదట. జీపు వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నవాడు వెళ్ళి బావా అని కాళ్ళ దగ్గర కూలబడితే, నోరు తెరిచాడు కానీ మాట రాలేదు.

తర్వాత బందరు నుంచి పెద్ద ఇంజనీరుగారు విచారణకి వచ్చారు. తన లాకు వదిలి వెళ్ళాడు, పైగా ఎక్కడి నుంచి మాట్లాడుతున్నదీ చెప్పలేదు. ఉద్యోగం తీసెయ్యడానికి ఈ రెండూ చాలు. నడిమి లాకు లస్కరు మెడకి తడిగుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు. ఏ లాకో ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగితే గొంతు చూపించి తల అడ్డంగా ఊపాడు. అడక్కుండానే పెద్దాయన లేచాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక ఆఫీసరు మాటకి అడ్డొచ్చింది అదొక్కసారే.

“మా అమ్మాయి అడిగిందండి ఆయన్ని,” అన్నాడు. “అడగడం అవమానమని ఈ కాలవ మొత్తానికీ నేర్పినవాణ్ణి నేనండి. శిక్ష వెయ్యాలంటే ముందు నాకు వెయ్యండి. ఆయన చోటు చెప్పలేదు, నిజమే. గట్టు తెగుతున్నా ఆ చోటు వదల్లేదు కూడా.”

ఇంజనీరుగారు లస్కర్లిద్దరికీ మెమోలిచ్చి వదిలేశారు. పెద్దాయనకి ఏమీ ఇవ్వలేదు. అది ఆయనకి ఇంకా బరువైందనుకుంటాను.

తీగ మళ్ళీ కట్టాక పెద్దాయనే పడవెక్కి ఒక్కో లాకు దగ్గరికీ వెళ్ళాడు. ఇకనుంచి ప్రతి మాటకీ ముందు లాకు పేరు చెప్పాలి. మొదట ఒక్కసారి చెప్తే కుదరదు, ప్రతి వాక్యానికీ చెప్పాలి. నేను ఒక్కసారి చాలన్నదాన్ని, ఆయనే ఒప్పుకోలేదు. తీగ ఎక్కడ తెగుతుందో మనకి తెలీదు, తెగినచోట మిగిలిన ముక్క ఎవరిదో తెలియాలి కదమ్మాయ్ అన్నాడు. మనిషి ఎవరైనా సరే, నిలబడ్డ లాకు పేరే చెప్పాలి. భార్య మాట్లాడినా, బావ మాట్లాడినా అంతే.

పై లాకు పద్యాల లస్కరు మా మీద కసి అలా తీర్చుకున్నాడు. “పై లాకు. నమస్కారమండీ. పై లాకు. అమ్మాయిగారు భోంచేశారా? పై లాకు. మా ఆవిడ గోంగూర పచ్చడి పంపింది.” మేం నవ్వేవాళ్ళం. పెద్దాయన కూడా నవ్వేవాడు, మునుపటంత కాదు. నడిమి లాకు నుంచి మాత్రం చాలా రోజులు ఆయన భార్యే మాట్లాడేది. బెదురుతూ, అప్పజెప్తున్నట్టు, పొల్లుపోకుండా ప్రతి మాటకీ ముందు పేరు పెట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం గంట మోగితే పెద్దాయనే ఎత్తాడు. అవతలి నుంచి ఏదో బొంగురు గొంతు, కంకర మీద బండి లాగినట్టు. పక్కన కూర్చున్న నాకు మాట సరిగ్గా వినపడలేదు. పెద్దాయన కనుబొమలు ముడిచాడు. చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. దగ్గుని బట్టి మనిషిని పోల్చేవాడు, ఆయన నోటి వెంట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

“ఎవరండీ మాట్లాడేది?” అన్నాడు.

అవతలి గొంతు మళ్ళీ ఏదో చెప్పింది. పెద్దాయన ముఖం మారిపోయింది. ఫోను నా చేతిలో పెట్టి, నువ్వు రాసుకో అమ్మాయ్ అని, పైగుడ్డతో మొహం తుడుచుకుంటూ వసారాలోకి వెళ్ళిపోయాడు. నేను చెవిలో పెట్టుకుని, చెప్పండి అన్నాను. ఆ బొంగురు గొంతు ఓపిగ్గా, ఒక్కొక్క మాటే, మళ్ళీ మొదటినుంచీ చెప్తోంది.

“నడిమి లాకు. నీళ్ళు తగ్గాయండి. నడిమి లాకు. గట్టు బాగుందండి. నడిమి లాకు. నేనేనమ్మా. నడిమి లాకు. ఆ గొంతిక రాదటమ్మా.”